కార్తె ఒకటి చెబితే, గాదె ఒకటి చెప్పేది

(నెల్లూరు జిల్లాలోని ఒక పల్లె గ్రంథాలయంలో, నార్లు పోసే అదునుకు ముందు రైతులు, విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. పిల్లలు కూడా చాలామంది వచ్చారు, సంతోషం. సెల్‌ఫోన్లు కాసేపు జేబులో పెట్టుకుంటే ఇంకా సంతోషం.

1950ల నాటి సేద్యం, పల్లె ఇంటి బతుకు గురించి మాట్లాడమన్నారు. సరే అన్నాను. కానీ "ఆ రోజులే రోజులు" అనే పాట మాత్రం నేను పాడను. ఆ రోజుల్లో కాన్పుకు పోయిన ఆడమనిషి బిడ్డతో ఇంటికి తిరిగి వస్తుందన్న నమ్మకం లేదు. మశూచి ఉండేది, మలేరియా ఉండేది. ఊళ్ళో చాలా ఇళ్ళల్లో రెండో పూట పొయ్యి వెలిగేది కాదు. కాబట్టి పొగడ్తలు పక్కన పెట్టి అసలు సంగతికి వద్దాం.

ఆ కాలంలో రైతుకు సలహాలకేం కొదవ లేదు. పంచాంగం చెప్పేది. కార్తెల సామెతలు చెప్పేవి. వ్యవసాయ శాఖ డిమాన్‌స్ట్రేటర్ సైకిలు మీద వచ్చి చెప్పేవాడు. 1952 అక్టోబరులో సమాజ వికాస పథకం మొదలయ్యాక గ్రామసేవక్ వచ్చాడు. 1948 డిసెంబరులో విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది, తర్వాత్తర్వాత పంచాయతీ ఆఫీసు రేడియో కూడా సాయంత్రంపూట చెప్పడం మొదలుపెట్టింది. ఇన్ని నోళ్ళు చెప్పినా చేలో ఏం వెయ్యాలో ఖాయమయ్యేది మాత్రం ఇంట్లో, గాదె దగ్గర. గాదెలో ఏ విత్తనం ఉంది, ఎన్ని నెలల తిండి ఉంది, కొట్టంలో ఎన్ని పశువులున్నాయి, ఇంటికప్పు ఇంకో వానకు ఆగుతుందా లేదా, ఈ లెక్క తేలకుండా ఎవరి సలహా అయినా చేలోకి దిగేది కాదు. ఆ లెక్క ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల్లో ఉండేది. సేద్యం గురించి రాసినవాళ్ళు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. నేను చెప్పదలచుకుంది అదే.

ముందు వాన సంగతి తెలుసుకోవాలి. అది తెలియకపోతే మిగతా ఏదీ అర్థం కాదు.

మన జిల్లాలో ఏడాది మొత్తం పడే వానలో సుమారు 60 శాతం అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. రాష్ట్రంలో చాలా జిల్లాలకు ఇది తలకిందులు. వాళ్ళకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడేదే అసలు వాన. నైరుతి గాలి పడమటి కనుమలు దాటి, నల్లమల దాటి, వెలిగొండలు దాటి మన దగ్గరకు వచ్చేసరికి అందులో తేమ పెద్దగా మిగలదు. అక్టోబరులో గాలి మళ్ళి ఈశాన్యం నుంచి వీచినప్పుడు బంగాళాఖాతం మీదుగా నీళ్ళు మోసుకొచ్చి నేరుగా మన ఒడ్డునే దించుతుంది. వాయుగుండాలు, తుపాన్లు కూడా అప్పుడే. 1927 నవంబరులో నెల్లూరును కొట్టిన తుపానుతో నా చిన్నప్పటి ముసలివాళ్ళు వయసులు కూడా లెక్క కట్టేవాళ్ళు. "గాలివాన నాటికి నేను పాలు తాగే బిడ్డని" అంటే సరిపోయేది, పుట్టినతేదీ కాగితం అక్కర్లేదు.

ఇప్పుడు కార్తెలకు వద్దాం. "మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుంది", "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు" అని పై జిల్లాలవాళ్ళు అంటారు, మనమూ అంటాం. మృగశిర అంటే జూన్ రెండో వారం. అప్పటికి మన మాగాణిలో నీళ్ళున్న చోట ఎండాకాలంలో రెండో పంటగా వేసిన ఎడగారు పైరు నిలబడి ఉంటుంది, లేని చోట నేల నోళ్ళు తెరుచుకుని ఉంటుంది. మన ముసలి ఎద్దు రంకె వెయ్యాలంటే ఇంకో నాలుగు నెలలు ఆగాలి పాపం.

మనకు అతికే సామెత వేరే ఉంది. "ఉత్తర చూసి ఎత్తర గంప, విశాఖ చూసి విడవర కొంప." ఉత్తర సెప్టెంబరు నడుమ వస్తుంది, విశాఖ నవంబరు మొదటి వారంలో. ఉత్తరలోనూ చినుకు లేకపోతే గంప సర్దుకో, విశాఖకూ రాకపోతే కొంపే వదులుకో అని దాని అర్థం. ఇంకోపక్క విశాఖలో వాన పడితే పంటకు విషం అనే మాట కూడా తెలుగులోనే ఉంది. రెండూ నిజమే. కృష్ణా, గోదావరి డెల్టాల్లో నవంబరుకు వరి కోతకు వచ్చి ఉంటుంది. అప్పుడు ముసురు పట్టిందంటే పనలు చేలోనే మొలకెత్తుతాయి. మనకు అప్పటికి నాట్లు పడి పైరు పచ్చబడుతుంటుంది, ఆ వాన రాకపోతే చెరువు నిండదు. కార్తె ఒకటే, వానా ఒకటే. ఒక ఊరికి బువ్వ పెడుతుంది, ఇంకో ఊరి నోటి దగ్గర కూడు తీసేస్తుంది. అందుకే సామెతల పుస్తకం దగ్గర పెట్టుకుని సేద్యం చేస్తానంటే నేను ఒప్పుకోను. ఆ సామెత ఏ సీమ రైతు నోట పుట్టిందో ముందు చూసుకోవాలి. స్వాతి వానకు చట్రాయి కూడా పండుతుందన్నవాడు మాత్రం మనవాడే అయ్యుంటాడని నా నమ్మకం.

నీళ్ళ సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. సోమశిల జలాశయం కట్టకముందు పెన్న నీళ్ళు దాచుకునే పెద్ద చోటంటూ మనకు లేదు. నెల్లూరు ఆనకట్ట 1850ల్లో కట్టారు, సంగం ఆనకట్ట 1880ల్లో. అవి పారే నీటిని మళ్ళించేవే గానీ నిలవ ఉంచేవి కావు. కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి, అనంతపురం, కడప జిల్లాలు దాటి వచ్చే నది ఎప్పుడు పారితే అప్పుడే మన కాలవలకు నీళ్ళు. ఆ నీళ్ళు కనిగిరి రిజర్వాయరుకు (ఇది బుచ్చిరెడ్డిపాలెం పక్కనుండేది, పాత ప్రకాశం జిల్లాలోని కనిగిరి ఊరు కాదు, పిల్లలు తికమక పడొద్దు), నెల్లూరు చెరువుకు, పల్లెల్లోని చెరువులకు చేరితే అప్పుడు నాట్లు. మొలగొలుకులు అనే మన పాత వరి రకం ఆరు నెలల పంట. ఉత్తర, హస్త కార్తెల్లో నారు పోసి, చిత్త, స్వాతుల్లో నాటి, మాఘ ఫాల్గుణాల్లో కోసేవాళ్ళు. తర్వాత నీళ్ళు మిగిలితే ఎండాకాలంలో ఎడగారు. బావి ఉన్నవాళ్ళు ఎద్దులతో నీళ్ళు తోడే కపిల తోలుకునేవాళ్ళు.

వాన అక్టోబరుకు జరిగిందంటే ఇల్లు కూడా దాని వెంటే జరుగుతుంది. పై జిల్లాల్లో రోహిణి ఎండల్లోనే ఇంటికప్పు సరిచేసుకుంటారు, మృగశిరకు వాన వస్తుందని. మన దగ్గర తాటాకు, గడ్డి మార్చేది దసరా లోపల. వంటచెరకు కూడా అంతే. స్వాతి మొదలయ్యేలోగా పిడకలన్నీ గూడు పేర్చి పైన గడ్డి కప్పాలి, కట్టెలు వసారాలోకి చేర్చాలి. ఆలస్యమైతే రెండు నెలలు పొయ్యి ముందు పొగలో ఏడవాల్సింది ఇంటి ఆడమనిషే. చింతపండు గింజ తీసి ముద్దలు కట్టడం, మిరపకాయలు ఎండబెట్టడం, దోసకాయ, వంకాయ ఒరుగులు చెయ్యడం, వడియాలు పెట్టడం, ఇవన్నీ ఎండాకాలం పనులు. కానీ వాటితో నిజంగా అవసరం పడేది కార్తీక మార్గశిరాల ముసురులో. సంతకు బండి పోదు, చేలో కూరగాయ ఉండదు, వాగు దాటి మనిషి రాడు. అప్పుడు ఒరుగుల పులుసు, ఎండు రొయ్యల పొడి, గోంగూర పచ్చడి. మే నెలలో ఎండ ముఖం చూసి నవంబరు కూర లెక్క వేసుకోవాలన్నమాట. డిమాన్‌స్ట్రేటర్ కాగితంలో ఈ లెక్క ఉండదు కదా.

ఇక విత్తనం. దీని దగ్గర కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఇప్పుడు విత్తనమంటే సంచి మీద బొమ్మ చూసి కొనుక్కునేదని అనుకుంటున్నాం.

మా జేజి చేసిన పద్ధతి చెబుతాను. ఇది ఆమె ఒక్కదాని విద్య కాదు, గాదె ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇంచుమించు ఇదే. కోతలకు వారం ముందు చేనంతా ఒకసారి తిరిగేది. గట్టు పక్క వద్దు, నీళ్ళు నిలిచే పల్లంలో వద్దు, చేను నడుమ చీడ తగలకుండా, ఒకే ఎత్తున, ఒకే రంగున పండిన చోటు చూసుకునేది. ఆ నడుమ వేరే రకం కంకి తల పొడవుగా కనిపిస్తే అక్కడికక్కడే పీకించేది. కోతరోజు ఆ పనలు వేరుగా వేయించేది. వాటిని పడుగులో పశువులతో తొక్కించనిచ్చేది కాదు. కట్టను ఒక దుంగ మీద రెండంటే రెండు దెబ్బలు కొట్టమనేది. మూడో దెబ్బ కొడితే తిట్టేది. ఆ రెండు దెబ్బలకు రాలిందే విత్తనం, కట్టలో మిగిలింది మామూలు కుప్పలోకి పోవాల్సిందే. నిండుగా పండిన గింజకు కంకి మీద పట్టు తక్కువ, ముందు అదే రాలుతుంది. తాలు, పచ్చిగింజ తొందరగా వదలవు.

తర్వాత ఎండ. నడిపొద్దు ఎండలో విత్తనం పొయ్యకూడదు. పొద్దుటెండ, సాయంత్రపుటెండ. రాత్రికి మంచు తగలకుండా చాపతో సహా లోపలికి. నాలుగైదు రోజులయ్యాక ఒక గింజ తీసి పంటికింద పెట్టేది. టక్కుమని విరిగితే ఎండినట్టు, మెత్తగా నలిగితే ఇంకా రెండు ఎండలు కావాలన్నట్టు. ఇప్పుడు విత్తన వడ్లలో తేమ 13 శాతానికి మించకూడదని మీటరు పెట్టి చూస్తున్నారు. ఆమె పన్ను చూసిందీ దాన్నే. ఎండిన గింజను వేడివేడిగా కుండకు ఎత్తకూడదు, లోపల చెమ్మ పట్టి ముక్కిపోతుంది. ఒక రాత్రంతా నీడలో చల్లారబెట్టాలి. కుండ అడుగున పొయ్యిలో బూడిద, దాని మీద గింజ, నడుమ ఎండిన వేపాకు, వావిలాకు. మూతి మీద మూకుడు బోర్లించి, పేడ, బంకమట్టి కలిపి సందు లేకుండా మెత్తేది. ఎక్కువ విత్తనమైతే గడ్డితాళ్ళు పేని పురి కట్టించేది. కందులకు, మినుములకు వేరే పద్ధతి. కందులకు ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టేవాళ్ళు, కొద్దిపాటి పప్పుగింజలకు ఆముదం రాసేవాళ్ళు. పురుగు గుడ్డు పెట్టడానికి వీలు లేకుండా.

ఆ కుండ ఫాల్గుణం నుంచి భాద్రపదం దాకా ముట్టుకోకూడదు. ఇంట్లో తిండిగింజలు అడుగంటినా సరే, దాని జోలికి పోకూడదు. ఇదే అన్నిటికంటే కష్టమైన భాగం. విత్తనం వండుకు తిన్నారని ఊళ్ళో ఒక ఇంటి మీద మాట పడితే ఆ ఇంటి పరువు పోయినట్టే. తినాల్సి వచ్చినవాళ్ళు సరదాకు తినలేదని ఇప్పుడు మనకు తెలుసు.

నారు పొయ్యడానికి వారం ముందు కుండ మూతి పగలగొట్టి, పిడికెడు గింజలు తడిగుడ్డలో కట్టి పొయ్యిగడ్డ పక్కన పెట్టేది. మూడో రోజు విప్పి లెక్కబెట్టేది. నూటికి ఇరవై గింజలు మొలవకుండా మిగిలిపోయాయంటే మా నాయనను పిలిచి, "ఈ ఏటికి మన విత్తనం వద్దబ్బయ్యా, పైవీధి వాళ్ళ దగ్గర తూముకు తూము మార్చుకో" అనేది. ఆయన మారు మాట్లాడేవాడు కాదు. విత్తనం మారిందంటే ఒక్కోసారి రకమే మారిపోతుంది. రకం మారితే కోత తేదీ మారుతుంది, కూలీల మాట మారుతుంది, ఎడగారు వెయ్యగలమో లేదో కూడా మారుతుంది. తడిగుడ్డ మూట విప్పినచోటనే ఏడాది సేద్యం సగం తేలిపోయేది. ఆ తర్వాత విత్తనాన్ని ఒక పగలూ రాత్రీ నానబెట్టి, గోనెసంచిలో మండె కట్టి, పైన గడ్డి కప్పి బరువు పెట్టడం, తెల్లటి మొలక కనిపించగానే మడిలో చల్లడం మగవాళ్ళ పని.

సర్కారు సలహాల సంగతికి వస్తాను. 1952, 53 ప్రాంతంలో జపాన్ పద్ధతి వరిసాగు అని దేశమంతా పెద్ద ప్రచారం జరిగింది. విత్తనం తగ్గించండి, ఎత్తుమళ్ళలో నారు పొయ్యండి, ఉప్పునీళ్ళలో వేసి తాలు తేల్చెయ్యండి, తాడు కట్టి వరసల్లో నాటండి, వరసల నడుమ చేతియంత్రంతో కలుపు తియ్యండి, అమ్మోనియం సల్ఫేటు వెయ్యండి అని. ఇందులో ఒక్కటీ పిచ్చి సలహా కాదు. కానీ మా ఊళ్ళో ఏది నిలిచిందో, ఏది నిలవలేదో చూడండి.

ఉప్పునీళ్ళ సలహా తొందరగానే నిలిచింది. ఇస్కపల్లి ఉప్పు మనకు కొత్త కాదు. కోడిగుడ్డు వేస్తే పైకి తేలి కాస్త కనిపించేదాకా నీళ్ళల్లో ఉప్పు కలపాలి, గింజలు పోసి తేలినవి తీసెయ్యాలి, మునిగినవి మంచినీళ్ళతో కడగాలి. ఇది ఇంట్లో జరిగే పని, ఆడవాళ్ళకు నచ్చింది. రెండు దెబ్బల విత్తనంలో కూడా తాలు తేలడం చూసి మా జేజి కాస్త చిన్నబుచ్చుకుంది గానీ, మరుసటేడు తనే గుడ్డు తీసుకొచ్చి పెట్టింది.

తాడు కట్టి నాటడం నిలవలేదు. నాట్లకు వచ్చేది ఆడకూలీల ముఠా. చేనుకింత అని మాట్లాడుకుని వస్తారు. తాడు జరుపుకుంటూ నాటితే ఒకరోజు పని రెండు రోజులవుతుంది, కూలి మాత్రం పెరగదు. మరి వాళ్ళెందుకు నాటుతారు? రైతు సోమరితనమని, మూఢత్వమని ఆనాటి ఉపన్యాసాల్లో అనేవాళ్ళు. ముఠా మేస్త్రిని ఒక్కమాట అడిగి ఉంటే అసలు కారణం తేలిపోయేది.

అమ్మోనియా కథ ఇంకోటి. సీమ ఎరువు అనేవాళ్ళు దాన్ని. మొలగొలుకులు నిలువెత్తు పెరిగే రకం. ఎరువు వేస్తే ఇంకా ఎత్తు పెరుగుతుంది, కాడ మెత్తబడుతుంది, ముసురుగాలి రాగానే పడుకుంటుంది. పడ్డ పైరు నీళ్ళల్లో కుళ్ళుతుంది. అందుకని రైతు రెండు గుప్పిళ్ళు చల్లి సంచి దాచేవాడు. పచ్చిరొట్ట సలహా మాత్రం మనకు చక్కగా అతికింది. జులై, ఆగస్టులో పడే అరకొర వానకు జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లుకుంటే, నాట్లు ఎలాగూ అక్టోబరులోనే కాబట్టి దున్ని కలపడానికి అదును సరిగ్గా కుదిరేది. అది చాలనివాళ్ళు కానుగాకు, వేపాకు, జిల్లేడు తెచ్చి మడిలో తొక్కించేవాళ్ళు. ఎండాకాలంలో గొర్రెల మంద పెట్టించేవాళ్ళు. మన నెల్లూరు గొర్రెలున్నాయి చూడండి, పల్ల, జోడిపి, దోర అని మూడు రకాలు, పొడుగు కాళ్ళవి. వాటి మంద చేలో రాత్రి పడుకుంటే మంద కాపరికి గింజలు కొలవాలి, కూడు పంపాలి. ఆ కూడు లెక్క కూడా ఇంట్లోదే.

1960ల నడుమ నుంచి పొట్టి రకాలు వచ్చాయి. తైచుంగ్, ఐ.ఆర్. ఎయిట్. ఎరువు వేసినా పడిపోవు, దిగుబడి బ్రహ్మాండం. అయినా మొదట్లో చాలా ఇళ్ళల్లో వద్దన్నారు. ఎందుకు? గడ్డి. పొట్టి రకానికి పొట్టి గడ్డే వస్తుంది. గడ్డివామి చిన్నదైతే ఏడాది పొడుగునా ఎద్దులకు ఏం వేస్తారు, కప్పుకు ఏం వేస్తారు? పైగా ఆ బియ్యం లావు. పొద్దున చద్దన్నం తినేటప్పుడు గట్టిపడి గొంతు దిగదు. మగవాళ్ళు కళ్ళంలో రాశి చూశారు, ఆడవాళ్ళు గడ్డివామిని, చద్దికుండను చూశారు. చివరికి రాశే గెలిచింది. కానీ గెలిచింది సలహా బలంతో కాదని నా అభిప్రాయం. ట్రాక్టరు వచ్చి ఎద్దులు తగ్గాయి, రేకులు, స్లాబులు వచ్చి గడ్డికప్పు పోయింది. ఇంటి అభ్యంతరాలు ఒక్కొక్కటే తీరాక రకం నిలబడింది. తినడానికి మాత్రం చాలా ఇళ్ళల్లో ఒక మడి సన్నరకం వేరుగా వేసుకుంటూనే వచ్చారు.

ఇప్పటిదాకా మాగాణి గురించే చెప్పాను. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి వైపు కథ వేరు. ఆ తాలూకాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనివే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు వీటితో పాటు గుంటూరు జిల్లా నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల, కర్నూలు జిల్లా నుంచి మార్కాపురం, గిద్దలూరు కలిశాయి. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. అది మెట్ట సీమ. సజ్జ, జొన్న, కొర్ర, ఆరిక, వరిగ, కంది, ఆముదం. వరిగ రెండున్నర నెలల లోపే చేతికొస్తుంది. వేసిన పైరు వానలేక మాడిపోతే, తర్వాత పడిన వానకు వరిగ చల్లి తిండిగింజలైనా దక్కించుకునేవాళ్ళు. ఇది కార్తె చూసి వేసే పంట కాదు, గాదె ఖాళీ చూసి వేసే పంట.

మెట్టలో విత్తేటప్పుడు ఆడవాళ్ళ చేయి ఎలా పనిచేసేదో ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. ముందు ఎద్దులు గొర్రు లాగుతుంటాయి, మగమనిషి మేడి పట్టుకుంటాడు. గొర్రుకు పైన చెక్క గిన్నె ఉంటుంది, జడ్డిగం అంటారు. దాని రంధ్రాల నుంచి వెదురు గొట్టాలు సాళ్ళలోకి దిగుతాయి. పక్కనే నడుస్తూ ఒడిలోంచి గింజ తీసి జడ్డిగంలో వదిలేది ఆడమనిషి. ఎద్దులు తొందరగా నడిస్తే పిడికిలి కాస్త వదులు చెయ్యాలి, మలుపులో బిగించాలి, సజ్జకు ఒక లెక్క, జొన్నకు ఇంకో లెక్క. చూపుడువేలికీ బొటనవేలికీ నడుమ గింజ జారే తీరు మీద చేను ఒత్తో పలచనో తేలుతుంది. మంచి చేయి ఉన్నామెను విత్తనానికి పిలవడానికి నాలుగు ఇళ్ళవాళ్ళు పోటీ పడేవాళ్ళు. ఎకరాకు ఇన్ని శేర్లు చల్లండని కరపత్రంలో రాయొచ్చు, ఆ వేలి సందును ఎలా రాస్తారు?

ఆ మెట్ట దున్నిన ఎద్దులే ఒంగోలు జాతి. గుండ్లకమ్మ, మూసీ నదుల నడుమ నేల వాటి అసలు తావు. బ్రెజిల్‌లో వీటి సంతతి కోట్లలో ఉంది, అక్కడ వాటి పేరు 'నెలోర్'. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోది, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డాకే అటు పోయింది. పేరు మనది, మాంసం వాళ్ళది. ఇంటిదగ్గర మాత్రం ఆ ఎద్దులకు మేత పెట్టడం చిన్న సంగతి కాదు. జొన్నచొప్ప, తెలకపిండి, తౌడు, నానేసిన పత్తిగింజలు, ఉడికించిన ఉలవలు. ఉలవలు ఉడికిన నీళ్ళు ఎద్దులకు పోగా కొంత మనుషుల చారుకు వచ్చేది. జొన్న చల్లాలా, పొగాకు పెట్టాలా అనే తర్కం వచ్చినప్పుడు చొప్ప ఎక్కడి నుంచి వస్తుందనే ప్రశ్న వేసేది ఎద్దుల కుడితి కలిపే మనిషే.

పొగాకు గురించి ఎక్కువ చెప్పను. వర్జీనియా పొగాకు నగదు తెచ్చింది, పెంకుటిళ్ళు తెచ్చింది, అప్పులూ తెచ్చింది. బ్యారన్ అనే కొట్టంలో మంట పెట్టి ఆకు కాల్చే వారం రోజులూ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. ఊరి చుట్టుపక్కల చెట్టన్నది కట్టెలయిపోయింది. తర్వాత ఇంటి పొయ్యికి కట్టెల కోసం ఆడవాళ్ళు ఎంత దూరం నడిచారో ఏ లెక్కల పుస్తకంలోనూ లేదు.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. నేనింతసేపూ గాదె గాదె అంటున్నాను. గాదె ఉన్న ఇళ్ళ సంగతి ఇది. ఊళ్ళో గాదె లేని ఇళ్ళే ఎక్కువ. వాళ్ళకు కార్తెలంటే పని దొరికే రోజులు, దొరకని రోజులు. నాట్లు, కలుపులు, కోతలు, నూర్పిళ్ళు ఉన్నన్నాళ్ళు కుంచాలతో గింజ వస్తుంది. ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా మాగాణిలో ఎడగారు పని తప్ప ఏమీ ఉండదు. అప్పుడు ఆసామి ఇంటి ముందు నిలబడి తూము వడ్లు అప్పు తీసుకుంటే, కోతలకు తూమున్నర కొలిచే పద్ధతి ఉండేది. ఐదారు నెలలకు సగానికి సగం వడ్డీ. ఆ కొలిచే కుంచం ఇచ్చేటప్పుడు తలగొట్టి, పుచ్చుకునేటప్పుడు రాశిపోసి కొలిచే ఇళ్ళు కూడా ఉండేవి. కళ్ళంలో వడ్రంగికి, కమ్మరికి, చాకలికి, మంగలికి మేర, అంటే వాళ్ళ పనికిచ్చే గింజల వాటా, కొలిచాక మిగిలిందే రైతుది అని గొప్పగా చెప్పుకుంటాం. మేర ఎంతివ్వాలన్నది పుచ్చుకునేవాళ్ళ చేతిలో మాత్రం ఉండేది కాదు. 1958 నుంచి మెట్రిక్ కొలతలు వచ్చాక కాటా కింద మోసం ఆగిపోయిందని అనను గానీ, అడిగే వీలైనా వచ్చింది. పుట్టి మాత్రం మనల్ని వదల్లేదు. ఇప్పటికీ నెల్లూరులో వడ్ల ధర పుట్టికే చెబుతారు, పుట్టి అంటే 850 కిలోలు.

సమయం అయిపోవస్తోందని అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. వెనక కూర్చున్న తమ్ముడు చీటీ పంపాడు. "మొలగొలుకులు మళ్ళీ వెయ్యొచ్చా, లాభం ఉంటుందా?" అని.

వెయ్యొచ్చు నాయనా. ఎకరాలకు ఎకరాలు వద్దు, ముందు పది సెంట్లలో వేసి చూడు. ఆరు నెలల పంట, కాబట్టి మీ కాలవకు ఏ తేదీ దాకా నీళ్ళు వదులుతారో అడిగి తెలుసుకో. ఆ నీళ్ళ మీద ఎడగారు ఆశ పెట్టుకోవద్దు. యూరియా దాని దరిదాపులకు రానివ్వకు. జీలుగ దున్నుకో, దొరికితే మంద పెట్టించుకో. పైరు పడిపోతే మిషనుతో కొయ్యడం కష్టం, చేతికోతకు మనుషులు దొరుకుతారా అన్నది ముందే చూసుకో. బియ్యం కొనేవాళ్ళను నాట్లప్పుడే మాట్లాడుకో, కోతలయ్యాక వెతుక్కుంటే దళారి చెప్పిందే రేటు. గడ్డి మాత్రం బాగా వస్తుంది, పాడి ఉన్నవాళ్ళు కళ్ళంలోకే వచ్చి కొనుక్కుపోతారు. విత్తనం ఎవరి దగ్గర తెచ్చుకున్నా కొన్ని గింజలు తడిగుడ్డలో కట్టి మొలక చూసుకున్నాకే నానబెట్టు. ఇంకో చీటీ కూడా ఉన్నట్టుంది, ఇటు ఇవ్వండి.